నాలుగో గ్రీన్ కింద రెండు గీతలు: నెల్లూరు నేలలో ఒక ఏడాది పని డైరీ

నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, వరి చేల మధ్య పద్నాలుగు ఎకరాల్లో ఉన్న ఒక చిన్న గోల్ఫ్ కోర్సుకు నేను మైదానాల పర్యవేక్షకుణ్ణి. ఉన్నవి ఆరు హోల్స్ మాత్రమే, అంటే చివర ఒక గుంతతో ముగిసే ఆరు ఆట బాటలు. నాతో పాటు ఇద్దరు శాశ్వత మాలీలు, ఒక మోవర్ డ్రైవరు, పని ఎక్కువైనప్పుడు పక్క ఊరి నుంచి వచ్చే ఆడకూలీలు ఉంటారు. రోజువారీ కోత, తడి లెక్కలు వేరే పుస్తకంలో రాస్తాం. కాలానికొకసారి చేసే పెద్ద పనులను, ముఖ్యంగా నాలుగో గ్రీన్‌ను (గుంత, జెండా ఉండే, బాగా పొట్టిగా కోసిన పచ్చికను గ్రీన్ అంటారు) బాగుచేయడానికి 2024లో పడిన పాట్లను ఇందులో రాసుకున్నాను.

గోల్ఫ్ మైదానాల నిర్వహణపై దొరికే పుస్తకాలు వసంతంలో ఒక పని, శరత్తులో ఒక పని చెబుతాయి. మా వసంతంలో వడగాలి మొదలవుతుంది, మా శరత్తులో వాయుగుండం వస్తుంది. నైరుతి ఋతుపవనాలకు మిగతా రాష్ట్రం తడుస్తున్నప్పుడు మాకు పడేవి అరకొర జల్లులే. మా జిల్లా వర్షంలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలే తెస్తాయి. చలికాలంలోనూ మా గడ్డి నిద్రపోదు కాబట్టి, ఉత్తరాది కోర్సుల్లో లాగా పైన రై గడ్డి చల్లవలసిన అవసరం రాదు. ఈ తేడాలను పట్టించుకోకుండా రెండేళ్ళు పుస్తకం ప్రకారమే నడిచాను. ఆ తప్పు నాలుగో గ్రీన్‌లో తేలింది.

జనవరి 8

మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మా తీరం పక్కనే నడిచింది. పంట కాలువ పొర్లి, అన్నిటికంటే పల్లంలో ఉన్న నాలుగో గ్రీన్ మీద మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీసేసరికి సన్నటి ఒండ్రు పేరుకుని ఉంది. గడ్డి దాన్ని చీల్చుకుని వస్తుందిలే అనుకుని, పైపైన గోకి వదిలేశాం. నెల తిరిగేసరికి గ్రీన్‌లో మూడో వంతు పసుపు తిరిగింది. పది నిమిషాలు స్ప్రింక్లర్ తిప్పితే చాలు, నీరు లోపలికి దిగకుండా అద్దంలా మెరుస్తోంది.

ఈ రోజు జెండా గుంత తవ్వే హోల్ కట్టర్‌తో పసుపు పచ్చగా ఉన్న చోట ఒక మట్టి ముద్ద తీశాను. గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, లోతు కనీసం 101.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆట నియమం. ఆ కొలతకు తయారైన కట్టర్ కాబట్టి, దానితో తీసిన ముద్ద నేల కడుపును చూడడానికి చక్కగా సరిపోతుంది. సిమెంటు సంచి మీద పడుకోబెట్టి కత్తితో నిలువునా చీల్చాం. పైన 4 మిల్లీమీటర్ల మందాన బూడిద రంగు ఒండ్రు, ఇది మిచౌంగ్‌ది. దాని కింద దాదాపు రెండున్నర సెంటీమీటర్ల శుభ్రమైన ఇసుక, రెండేళ్ళుగా మేము చల్లిన టాప్ డ్రెస్సింగ్. ఆ ఇసుక కింద, సిరాతో గీసినట్లు ఇంకొక గీత కనిపించింది. అది 2021 నవంబరు వరదల నాటిది. ఆ ఏడాది పెన్నా పొంగినప్పుడు ఇక్కడ కూడా కాలువ గట్టు తెగింది, నేను ఉద్యోగంలో చేరింది ఆ తరువాతే. ఆ గీత నల్లగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. తెల్లటి వేర్లు ఇసుకలో నిటారుగా దిగి, నల్ల గీతను తాకగానే పక్కకు మళ్ళి, దాని మీదే పాకుతున్నాయి. ఒక్క వేరు కూడా దాన్ని దాటలేదు.

మా పెద్దాయన (పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ మాలీ, అంతకుముందు సొంత మడి చేసుకున్నవాడు) ఆ గీతను గోటితో గోకి, "దమ్ము చేసిన మడి అడుగు ఇట్టాగే ఉంటది సార్. నీళ్ళు దిగకూడదనే గదా మడికి దమ్ము చేసేది. అదే మన్ను ఇక్కడ పరిచి నీళ్ళు దిగమంటే యాడ దిగతయ్?" అన్నాడు. సమస్యను ఇంతకంటే బాగా నేను చెప్పలేను. వరికి నీరు నిలవాలి, గ్రీన్‌కు నీరు జారిపోవాలి. మా గ్రీన్లు అమెరికా గోల్ఫ్ సంఘం 1960 నుంచి చెబుతున్న పద్ధతిని దాదాపుగా అనుసరించి కట్టినవే. అడుగున గొట్టాలు, వాటి పైన 10 సెంటీమీటర్ల కంకర, దాని పైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం ఉంటాయి. అంత ఖర్చు పెట్టి కట్టిన గ్రీన్ మీద రెండు వరదలు రెండు సార్లు దమ్ము చేసి వెళ్ళాయి.

మందు ఒక్కటే. ఆ రెండు గీతలనూ గుచ్చి, బొందలు చేసి, వాటిలో శుభ్రమైన ఇసుక నింపాలి. ఎప్పుడు చేయాలన్నదే తేలవలసిన విషయం.

జనవరి 24

ఇసుక సంపాదించడానికి రెండు వారాలు పట్టింది. పెన్నా ఇసుక గట్టిది, ఉప్పు లేనిది. అయితే ఇల్లు కట్టే ఇసుక వేరు, గ్రీన్ మీద చల్లే ఇసుక వేరు. గింజల్లో కనీసం 60 శాతం పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి, మిల్లీమీటరు దాటినవి 10 శాతానికి మించకూడదు, బురద వంటి మెత్తని రేణువులు వీలైనంత తక్కువ ఉండాలి. సముద్రపు ఇసుక దగ్గరే దొరుకుతున్నా, అందులో ఉప్పుతో పాటు గవ్వల సున్నం ఉంటుంది కనుక ఆ ఆలోచన మొదటే మానుకున్నాం.

జల్లించి, కడిగి పంపుతామని డబ్బు ముందే తీసుకున్న ఒక సరఫరాదారు దించిన మొదటి ట్రాక్టరు ఇసుకను సీసా పరీక్ష చేశాను. గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతాది నీళ్ళు పోసి, బాగా గిలకొట్టి, గంట సేపు కదపకుండా ఉంచాలి. ఇసుక ముందు కూర్చుంటుంది, మన్ను తరువాత దాని మీద పొరగా దిగుతుంది. వేలు మందాన మన్ను దిగింది. ఏ ఒండ్రును తీయడానికి ఇంత పని పెట్టుకున్నామో దాన్నే కిరాయి ఇచ్చి తెప్పించుకున్నట్లయింది. ఆయన వెనక్కు తీసుకోనన్నాడు. చివరికి ఆ ఇసుకను దారి గుంతలకు వాడి, వేరే చోట తెప్పించిన దాన్ని మేమే రెండు జల్లెళ్ళలో జల్లించి, రేకుల కప్పు కింద ఆరబోశాం. తడి తగలకుండా ఆరబెట్టడం ఎంత ముఖ్యమో జూలైలో తెలిసివచ్చింది.

ఫిబ్రవరి 17

పగలు ఎండ పెరుగుతోంది, గడ్డి కదలడం మొదలుపెట్టింది. అన్ని గ్రీన్లకూ తేలికగా వర్టికట్ చేసి, అంటే నిలువు బ్లేళ్ళతో పీచును దువ్వి, ఒక మిల్లీమీటరు ఇసుక చల్లాం. నాలుగో గ్రీన్‌కు మాత్రం సన్నటి బోలు లేని సూదులతో గుచ్చాం. దీనివల్ల మట్టి బయటికి రాదు, గాలి మాత్రం దిగుతుంది. ఊపిరాడని మనిషిని కిటికీ దగ్గర కూర్చోబెట్టడం లాంటిది ఇది, వైద్యం కాదు.

మార్చి 23

మా చుట్టుపక్కల వరి కోతలు జోరుగా సాగుతున్నాయి. చేలు ఖాళీ అయితే వాటిలోని లద్దె పురుగు మేత వెతుక్కుంటూ మా వైపు నడుస్తుంది. పురుగు పగలు కనిపించదు. దాని సమాచారం గోరువంకలు తెస్తాయి. ఒకే చోట పది పదిహేను పక్షులు దిగి ముక్కులతో పొడుస్తుంటే, ఆ సాయంత్రమే అక్కడ సబ్బు నీటి పరీక్ష చేస్తాం. గిన్నెలు తోమే ద్రవం రెండు చెంచాలు, ఎనిమిది లీటర్ల నీరు కలిపి చదరపు మీటరు నేల మీద పోస్తే, అయిదారు నిమిషాల్లో పురుగులు మంట పుట్టి పైకి వస్తాయి. ఈ రోజు రెండో ఫెయిర్‌వే (బంతి కొట్టుకుంటూ గ్రీన్ దాకా వెళ్ళే పచ్చిక బాట) అంచున చదరపు మీటరుకు పదకొండు లేచాయి. చేల వైపు అంచు వెంబడి మాత్రమే, చీకటి పడ్డాక క్లోరాంట్రానిలిప్రోల్ పురుగుమందు కొట్టించాను. మైదానమంతా కొట్టమని ఒత్తిడి చేసినవాళ్ళకు, గోరువంకలకు మనం జీతం ఇవ్వడం లేదు కదా, కనీసం వాటి తిండి పాడు చేయకూడదని చెప్పాను.

ఏప్రిల్ 11

రీల్ మోవర్ సాన పట్టించాం. అడుగు బ్లేడుకూ రీలుకూ మధ్య పాత పేపరు ముక్క పెట్టి తిప్పితే, అది నలగకుండా కత్తెరతో కత్తిరించినట్లు తెగాలి. ఇంతకుముందు అది చిరుగుతూ వచ్చింది. తెగని బ్లేడు గడ్డిని కూడా అలాగే చీలుస్తుంది, చివర్లు తెల్లబడతాయి, ఎండల్లో ఆ తెల్లదనమంతా గాయమే.

మే 6

ఈ నెలంతా నీటి గురించే రాయవలసి వస్తుంది.

పడమటి గాలి తిరిగింది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎగదోసే దాకా అది పొయ్యి మీద నుంచి వచ్చినట్లు ఉంటుంది. సముద్రపు గాలి ఏ రోజు పన్నెండింటికి వస్తుందో, ఏ రోజు మూడింటికి కూడా రాదో చెప్పలేం. అది ఆలస్యమైన రోజున గ్రీన్లు ముందు నీలం బూడిద రంగుకు తిరుగుతాయి, అడుగు వేస్తే అడుగు ముద్ర లేవదు. ఆ ముద్రే మాకు హెచ్చరిక గంట. అది కనిపించిన వెంటనే పైపుతో చేతి తడి ఇస్తాం.

లెక్క ఇలా ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. నాలుగో గ్రీన్ 420 చదరపు మీటర్లు, ఈ ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు ఇస్తే 2,520 లీటర్లు. ఒక్క గ్రీన్‌కు అది పెద్ద సంగతి కాదు. ఆ నీటి రుచే కష్టం. మా బోరు నీటి విద్యుత్ వాహకత (నీటిలో ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత) ఫిబ్రవరిలో మీటరుకు 1.9 డెసీసీమెన్లు ఉండగా, ఈ రోజు 3.1 చూపించింది. నీటి మట్టం దిగే కొద్దీ ఉప్పు పెరుగుతోంది. గ్రీన్ల మీద ఉన్నది టిఫ్‌డ్వార్ఫ్ గడ్డి, మన గరికకు దగ్గరి బంధువు. అమెరికాలోని టిఫ్టన్‌లో తయారై 1965లో బయటికి వచ్చిన రకం. గరిక వంశం కాబట్టి ఉప్పును కొంత ఓర్చుకుంటుంది. కానీ నీరు కిందికి దిగని చోట ఉప్పు కూడా దిగదు, పైనే పేరుకుంటుంది. మిగతా అయిదు గ్రీన్లు అదే నీటితో పచ్చగా ఉండగా నాలుగోది కాలడానికి కారణం అదే.

వాన నీరు పట్టిన చెరువులో మిగిలినదంతా నాలుగో గ్రీన్‌కే కేటాయించి, మిగతావాటికి బోరు నీరే ఇస్తున్నాం. ఫెయిర్‌వేలకు వారానికి రెండు తడులే. అవి గోధుమ రంగుకు తిరిగాయి, ఫిర్యాదులు వచ్చాయి, అయినా మార్చలేదు. ఫెయిర్‌వేలోని గరిక ఎండి కూడా బతుకుతుంది, గ్రీన్ ఎండితే చస్తుంది.

మే 14

నిన్న పోలింగు. కూలీలు, డ్రైవరు అందరూ సొంత ఊళ్ళకు వెళ్ళారు, పెద్దాయన, నేను ఇద్దరమే చేతి పైపులు పట్టుకున్నాం. ఆయన పొద్దున్నే వేసి వచ్చిన ఓటు సిరా చుక్క మీద సాయంత్రానికి ఉప్పు నీరు తెల్లటి పొర కట్టింది.

ఒకటో గ్రీన్ గుట్ట మీద గుండ్రటి ఎండు మచ్చలు కనిపించాయి. పైన పోసిన నీరు తామరాకు మీద బొట్టులా జారిపోతోంది. ఇది నాలుగో గ్రీన్ రోగం కాదు. ఇసుక గింజలకు కుళ్ళిన పీచు నుంచి మైనం వంటి పూత పట్టడం వల్ల వచ్చేది. ముళ్ళ చెప్పులతో గుచ్చి, నీరు ఇంకేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ కలిపిన నీరు రెండు దఫాలుగా పోస్తే మూడు రోజుల్లో తేరుకుంది.

సభ్యుల్లో కొందరు గ్రీన్లు మందంగా ఉన్నాయని, బంతి దొర్లడం లేదని అంటున్నారు. గ్రీన్ వేగం కొలవడానికి ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో ఆలోచించిన 36 అంగుళాల పట్టీ మీద నుంచి బంతి వదిలి కొలిస్తే, మా గ్రీన్ల వేగం 6 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. కోత ఎత్తు అయిదు మిల్లీమీటర్ల నుంచి నాలుగుకు దించితే అడుగు దాకా పెరుగుతుందేమో, కానీ రోహిణి కార్తె ముందుంది. ఆకు ఎంత పొట్టిదైతే వేరు అంత పొట్టిదవుతుంది. నేను దించలేదు. జూలై దాకా ఆగమని నోటీసు పెట్టాను.

జూన్ 15

మృగశిర వచ్చి వారమైంది, రెండు మంచి జల్లులు పడ్డాయి. నాలుగో గ్రీన్‌లో సోడియంను కదిలించడానికి జిప్సం చల్లి, చెరువులో మిగిలిన నీటితో రెండు పొడవాటి తడులు ఇచ్చాం. చౌడు పొలాలకు చేసే పనే ఇది. నల్ల గీత అడ్డం ఉండగా ఎంత ఉప్పు కిందికి పోతుందో నాకు నమ్మకం లేకపోయినా, కోరింగ్‌కు (బోలు సూదులతో గుచ్చి మట్టి తీయడానికి) ముందు గడ్డి కాస్త తెప్పరిల్లాలి కాబట్టి చేశాం.

ఇప్పటికి నెల కూడా నిర్ణయమైంది. బోలు సూదులతో గ్రీన్‌కు బొందలు పెట్టడమంటే గాయం చేయడమే, కనుక గడ్డి మంచి ఊపులో ఉన్నప్పుడే చేయాలి. పుస్తకాలు వసంతమంటాయి, అంటే మాకు మార్చి, ఏప్రిల్. నేను 2022లో, 2023లో అలాగే చేశాను. మార్చిలో గుచ్చిన బొందలు పూడకముందే ఎండలు పట్టుకుని, బొంద అంచులన్నీ మాడాయి. అందుకే భయపడి లోతు తగ్గించాను, లోతు తగ్గినందువల్ల 2021 నాటి పొరను సూది చేరనేలేదు. మా దగ్గర గడ్డి ఊపు జూలై, ఆగస్టుల్లో ఉంటుంది. అప్పుడు చేస్తే అక్టోబరు వానలకు ముందు రెండు నెలలు చేతిలో ఉంటాయి.

జూలై 15

కోరింగ్ మొదలు. సూది వ్యాసం 12 మిల్లీమీటర్లు, లోతు ఏడున్నర సెంటీమీటర్లు, సూదికీ సూదికీ మధ్య 5 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 400 బొందలు, గ్రీన్ మొత్తానికి లక్షా అరవై ఎనిమిది వేలు. ఇంత చేసినా గ్రీన్ వైశాల్యంలో నాలుగున్నర శాతమే మారుతుంది. ఆ అంకె చెబితే మా డ్రైవరు దిగాలుగా చూశాడు.

యంత్రం వెనుక నుంచి సుద్దముక్కల వంటి మట్టి కడ్డీలు వరుసగా బయటికి పడ్డాయి. ప్రతి కడ్డీలోనూ అదే క్రమం: పైన బూడిద రంగు, నడుమ ఇసుక, ఆ కింద నల్ల చుక్క. మధ్యాహ్నానికి గ్రీన్ మీద లక్షన్నర నల్ల చుక్కలు ఎండుతూ, మైదానమంతా వాసన. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని పారలతో నెట్టి, తట్టలకెత్తారు. "ఏందన్నా, ఇంత కంపు పెట్టుకుని దీని మీద ఆటలాడతారా?" అని ఒకామె అడిగింది. కంపు పోవడానికే ఇదంతా అమ్మా అన్నాను.

జూలై 22

17న రొట్టెల పండుగ మొదలైంది. బారాషహీద్ దర్గాకు జనం పోటెత్తారు. మా డ్రైవరు ఉద్యోగ రొట్టె పట్టుకోవడానికి స్వర్ణాల చెరువుకు వెళ్ళాడు (ఇప్పుడున్న ఉద్యోగం సంగతి ఏమిటని నేను అడగలేదు). ఈ లోపల నేను ఒక తప్పు చేశాను.

బొందలు నింపడానికి 1.4 ఘనపు మీటర్లు, పైన 3 మిల్లీమీటర్ల పొరకు 1.3 ఘనపు మీటర్లు, కలిపి ఒక ట్రాక్టరు ఇసుక కావాలి. రేకుల కింద ఆరిన ఇసుక సగానికే సరిపోయింది. మిగతా సగానికి, ముందు రాత్రి జల్లులో తడిసిన బయటి కుప్పను వాడమన్నాను. చీపుళ్ళతో, కొయ్య పలకతో ఊడ్చి చదును చేస్తే చూడడానికి అన్ని బొందలూ నిండినట్లే ఉన్నాయి. సాయంత్రం పెద్దాయన ఒక పుల్ల తెచ్చి గుచ్చాడు. పై సెంటీమీటరు దాటగానే పుల్ల జారి అడుగుకు దిగింది. తడి ఇసుక మూతలా అంటుకుని కింద బొంద ఖాళీగానే ఉండిపోయింది. తూర్పు సగమంతా అదే కథ.

రెండు రోజులు ఎండ కోసం ఆగి, ఆ మూతలను సన్నటి ఇనప చువ్వల దువ్వెనతో పొడిచి పగలగొట్టి, టార్పాలిన్ మీద ఆరబోసిన ఇసుకను మళ్ళీ చల్లి, ఎండిన కొబ్బరి చీపుళ్ళతో అటూ ఇటూ ఊడ్చాం. పొడి ఇసుక గడియారం ఇసుకలా జారుతుంది, చెవి ఆనిస్తే ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది. నలుగురికి మూడు రోజుల పని దండగ.

ఆగస్టు 9

బొందల నోళ్ళు మూసుకుంటున్నాయి. గడ్డి తీగలు ఒక నోటి అంచు నుంచి ఇంకో అంచుకు వంతెన వేస్తున్నాయి. చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని అందేలా 10 కిలోల అమ్మోనియం సల్ఫేటును రెండు దఫాలుగా చల్లి, వెంటనే తడి ఇచ్చాం. మా బోరు నీటి వల్ల నేల క్షార గుణం వైపు జరుగుతుంది కనుక, యూరియా కంటే ఆమ్ల గుణం ఇచ్చే ఈ ఎరువే నాకు నచ్చుతుంది. రంగు కోసం నత్రజని పెంచకుండా అన్నభేది (ఇనుము ఉప్పు) పిచికారీ చేయించాను. మూడో రోజుకు ముదురు పచ్చ తిరిగింది. పిచికారీ చేసిన కుర్రాడు ఆ చెప్పులతోనే అతిథి గృహం మెట్లెక్కాడు. తుప్పు రంగు అడుగులు అయిదు మెట్ల మీద పడి, ఇప్పటికీ పోలేదు.

సెప్టెంబరు 7

వినాయక చవితి. గరిక కోసం ఊళ్ళో పిల్లలు పొద్దున్నే వచ్చారు. గ్రీన్ మీద గరికేగా ఉందన్నారు. అది నాలుగు మిల్లీమీటర్ల గడ్డి, పూజకు పట్టుకోవడానికి కూడా రాదని చెప్పి, రఫ్‌లో (ఎత్తుగా పెరగనిచ్చిన అంచు గడ్డిలో) నుంచి జానెడు పొడవున్న అసలు గరికను కోయించి ఇచ్చాం.

అదే రఫ్‌లో తుంగ విపరీతంగా లేచింది. చేత్తో పీకితే ఆకు వస్తుంది, గడ్డ కిందే ఉండి నాలుగు మొలకలు వేస్తుంది. గ్రీన్ల చుట్టూ మాత్రం హాలోసల్ఫ్యూరాన్ కలుపుమందు కొట్టించాం, ఇది తుంగను చంపి గరికను వదిలేస్తుంది, ఫలితానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. మిగతా చోట్ల పీకుడే.

సెప్టెంబరు 28

వానలకు ముందు పనులు. కోత ఎత్తు మిల్లీమీటరు పెంచాం, నత్రజని ఆపి పొటాష్ ఇచ్చాం. బంకర్ల (ఆటలో అడ్డంకిగా ఉండే ఇసుక గుంతల) అంచులు చెక్కాం. అన్ని గ్రీన్ల అడుగు గొట్టాలనూ నీటి పైపు పెట్టి కడిగాం. నాలుగోదాని గొట్టం చివర బయటికి తెరుచుకునే చోట చెట్టు వేర్ల జడ ఒకటి, మూరెడు పొడవున బయటికి వచ్చింది. పంట కాలువ వైపు అడుగున్నర ఎత్తు మట్టి కట్ట వేసి గరిక తాపాం. కాలువలో పూడిక తీయమని సంబంధిత కార్యాలయానికి రెండు అర్జీలు ఇచ్చినా ఎవరూ రాలేదు. మా హద్దు వెంబడి ఉన్నంత మేర కూలీలను పెట్టి మేమే తీయించుకున్నాం.

అక్టోబరు 18

14 నుంచి వాన. నిన్న తెల్లవారుజామున వాయుగుండం చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. మూడు రాత్రులు నేను ఆఫీసు గదిలోనే పడుకున్నాను.

15 ఉదయం గొడుగు వేసుకుని నాలుగో గ్రీన్ దగ్గర నిలబడి గడియారం పట్టుకున్నాను. గట్టి జల్లు ఒకటి నలభై నిమిషాలు కొట్టి ఆగింది. గ్రీన్ మీద నిలిచిన నీరు ఇరవై నిమిషాల్లో పోయింది. గొట్టం చివర చూస్తే, చేతి మణికట్టు మందాన నీరు దూకుతోంది. గత డిసెంబరులో ఇదే గొట్టం చుక్క కూడా వదల్లేదు. పెద్దాయన ఆ ధార కింద చెయ్యి పెట్టి, "తేటగా ఉన్నయ్ సార్" అన్నాడు, అంతే.

16 రాత్రి కథ మారింది. కాలువ నిండి, గొట్టం నోరు మునిగి, నీరు వెనక్కు తన్నింది. మట్టి కట్ట ఈశాన్యపు మూలలో ఒకచోట తెగి, ఆ మూల దాదాపు అరవై చదరపు మీటర్ల మీదికి ఎర్రటి నీరు వచ్చింది. తెగిన చోట ఇసుక బస్తాలు వేశాం. ఈసారి మాత్రం ఒండ్రును ఆరనివ్వలేదు. నీరు తీసీ తీయకముందే, అది పాలమీగడలా జారుతున్నప్పుడే రబ్బరు పలకలతో నెట్టి, చెరువు నీటితో కడిగేశాం. ఆరితే అది పెంకు అవుతుంది, తడిగా ఉంటే ఒక పూట పని. డిసెంబరులో మాకు తెలియనిది ఇదే.

నవంబరు 16

చేలకు నారు మళ్ళు పోశారు, నాట్లు మొదలవుతున్నాయి. కూలీలు దొరకడం గగనమే. నాట్ల కూలి ముందు మా కూలి నిలవదు, నిలవాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. నర్సరీ మడిలో పెంచుకున్న టిఫ్‌డ్వార్ఫ్ పలకలను కోసి, పాడైన మూలలో ఇద్దరు మాలీలు, నేను, డ్రైవరు కలిసి అతికాం. ఈ గడ్డి విత్తనం కట్టదు కనుక అతకడం, తీగ నాటడం తప్ప దారి లేదు. మబ్బు పట్టి ఎండ లేని రోజుల్లో అయిదో గ్రీన్ మీద ఆకుమచ్చ కనిపించి, ఒకసారి మాంకోజెబ్ తెగులుమందు కొట్టాం.

డిసెంబరు 7

మళ్ళీ హోల్ కట్టర్ తీసుకుని నాలుగో గ్రీన్ మీదికి వెళ్ళాను. జనవరిలో తీసిన చోటుకు ఒక అడుగు పక్కన ముద్ద తీసి, అదే సిమెంటు సంచి మీద చీల్చాం. నల్ల గీత ఉంది, పూర్తిగా పోలేదు. కానీ అది ఇప్పుడు గీత కాదు, తెగిన దారం. ముద్ద కోతలో రెండు చోట్ల ఇసుక స్తంభాలు దాన్ని చీల్చుకుని కిందికి దిగాయి, ప్రతి స్తంభంలోనూ తెల్లటి వేర్లు గుత్తులుగా దిగి, గీత దాటి నాలుగు సెంటీమీటర్లు పోయాయి. వాసన కూడా తగ్గింది, పెద్దాయన ముక్కుకు మాత్రం ఇంకా కొడుతోందట. బొందలు పడని చోట వేర్లు మునుపటిలాగే పక్కకు పాకుతున్నాయి.

మూలలో అతికిన పలకల కింద ఇంకొక ముద్ద తీశాం. అక్కడ పైన అర మిల్లీమీటరు కూడా లేని ఎర్ర గీత ఒకటి ఉంది, అక్టోబరుది. కడగడంలో ఒక మూల వదిలేశాం.

వచ్చే జూలైకి సూదులను ఈ సారి గుచ్చిన వరుసల మధ్యలో పడేలా జరపాలి. ఇసుకను మేలోనే తెప్పించి, మొత్తం రేకుల కిందే ఉంచాలి. గొట్టం నోటికి, కాలువ నీరు వెనక్కు రాకుండా మూత తలుపు బిగించాలి. దానికి కొలతలు తీసుకుని, వెల్డింగు షాపులో ఇచ్చి వచ్చాను.